చెట్లు కొట్టేసినా భూమధ్యరేఖ దగ్గర వాన పడుతూనే ఉంటుంది కదా?

మీరు అడిగింది ఇదీ: "ఉష్ణమండల వర్షారణ్యాల్లో అంత వాన పడటానికి కారణం అవి భూమధ్యరేఖ దగ్గర ఉండటమే కదా. అలాంటప్పుడు అడవి నరికితే వాన ఎందుకు తగ్గుతుంది? ఎండా వానా అంత పుష్కలంగా ఉన్న చోట మళ్ళీ మొక్కలు నాటితే కొన్నేళ్ళలో అడవి తిరిగి రాదా?"

సూటిగా చెబుతాను. వానకు మొదటి కారణం భూమధ్యరేఖే. కానీ ఆ వాన సముద్రం నుంచి వేల కిలోమీటర్ల లోపలికి చేరుతోందంటే, వానాకాలం వేళకు మొదలవుతోందంటే అది అడవి చలవ. అడవిని పెద్ద ఎత్తున నరికితే వాన తగ్గుతుంది, వానాకాలం వెనక్కి జరుగుతుంది, నరకకుండా వదిలేసిన అడవి కూడా ఎండటం మొదలుపెడుతుంది. ఇక మొక్కల సంగతి. కొన్ని చోట్ల అడవి తిరిగి వస్తుంది, అదీ కొన్ని షరతుల మీద. పోయిన పాత అడవికి సమానమైనది మాత్రం మన జీవితకాలంలో రాదు.

నేను చాలా ఏళ్ళుగా వర్షారణ్యాల్లో నీటినీ వేడినీ కొలిచే పనిలో ఉన్నాను. చెట్ల కాండాలకు సెన్సర్లు బిగించి లోపల నీరు ఎంత వేగంగా పైకి పోతోందో చూడటం, కొమ్మల కింద తొట్లు పెట్టి నేలదాకా వచ్చే వాన ఎంతో లెక్కగట్టడం, అడవి అంచు నుంచి లోపలికి వరసగా థర్మామీటర్లు కట్టడం. అందుకే నా జవాబు ఎక్కువగా నీటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు భూమధ్యరేఖ పాత్ర. అక్కడ సూర్యుడు ఏడాదంతా దాదాపు నడినెత్తినే ఉంటాడు. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, పైన చల్లబడి మేఘమై కురుస్తుంది. ఆ ఖాళీలోకి ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వ్యాపార పవనాలు సముద్రపు తేమను మోసుకొస్తాయి. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు తగ్గకుండా వాన, సగటు ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు. అసలైన భూమధ్యరేఖా వాతావరణంలో అన్నిటికన్నా పొడి నెలలో కూడా 60 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా కురుస్తుంది. ఒక నెలకూ ఇంకో నెలకూ ఉండే తేడా కంటే పగటికీ రాత్రికీ ఉండే తేడాయే ఎక్కువ. ఇంతవరకూ మీరన్నది సరే.

చిక్కు ఎక్కడంటే, అమెజాన్ ప్రాంతానికి తేమ తూర్పున ఉన్న అట్లాంటిక్ నుంచి వస్తుంది. గాలి పడమరగా ఆండీస్ కొండలదాకా దాదాపు 3,000 కిలోమీటర్లు పోవాలి. దారి పొడవునా కురుస్తూ పోయే గాలిలో ఆ చివరికి చేరేసరికి తేమ పెద్దగా మిగలకూడదు. కానీ ఆండీస్ పాదాల దగ్గర కూడా జోరు వానలే. ఎలా?

దీనికి జవాబు 1970లలో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనెయాస్ సలాటి దగ్గర దొరికింది. నీటిలో మామూలు ఆక్సిజన్‌తో పాటు కాస్త బరువైన ఆక్సిజన్ కూడా ఉంటుంది. బరువైనది ముందు కురిసిపోతుంది కాబట్టి, లోపలికి పోయేకొద్దీ వాన నీటిలో దాని వంతు బాగా పడిపోవాలి. సలాటి బృందం తీరం నుంచి లోపలిదాకా వాన నీటిని సేకరించి చూస్తే, అది అనుకున్నంతగా తగ్గలేదు. కురిసిన నీటిని వేళ్ళు పీల్చుకుని ఆకుల ద్వారా మళ్ళీ గాలిలోకి పంపుతున్నాయి, ఆ ఆవిరే ముందుకు పోయి మళ్ళీ కురుస్తోంది. సముద్రం దాటి వచ్చిన నీరు ఆండీస్ చేరేలోపు ఇలా ఐదారు సార్లు కురిసి లేస్తుందని అంచనా. అమెజాన్ వానలో పావు వంతు నుంచి సగం వరకూ ఇలా అడవి తిరిగి ఇచ్చినదేనని అంచనాలు.

ఇదంతా చదివి "వానాకాలంలో నీళ్ళు ఎక్కువ ఉంటాయి, అప్పుడు చెట్లు ఆవిరి వదులుతాయి, అంతేగా" అనుకునేవాళ్ళు చాలామంది. అమెజాన్ నడిబొడ్డున జరిగేది దానికి తలకిందులు. వానలు తగ్గిన నెలల్లో మబ్బు ఉండదు, ఎండ ఎక్కువ పడుతుంది, చాలా పెద్ద చెట్లలో నీటి ప్రవాహం పెరుగుతుంది. నేను సెన్సర్లు బిగించిన చెట్లలోనూ ఇదే కనిపించేది. పొద్దున ఎండ పై కొమ్మలను తాకగానే గీత పైకి లేచేది, మధ్యాహ్నం ఒక మబ్బు అడ్డం వస్తే నిమిషాల్లో కిందికి దిగేది, మబ్బు తొలగగానే మళ్ళీ లేచేది. వాన లేని నెలల్లో ఆ నీరంతా ఎక్కడిదంటే, లోతు వేళ్ళది. తూర్పు అమెజాన్‌లోని పరగొమినాస్ దగ్గర గుంటలు తవ్వి చూసిన పరిశోధకులు, పొడి నెలల్లో చెట్లు 8 మీటర్ల కన్నా లోతు నుంచి కూడా నీరు తోడుకుంటున్నాయని 1994లో ప్రకటించారు. అడవి కొట్టేసి వేసిన పచ్చిక వేళ్ళకు ఆ లోతు లేదు. పైమట్టి ఎండిపోగానే పచ్చిక వాడిపోతుంది, ఆవిరి ఆగిపోతుంది.

మీ ప్రశ్నకు నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి జవాబు దీని తర్వాత ఉంది. దక్షిణ అమెజాన్‌లో వానాకాలం, సముద్రపు తేమను తెచ్చే గాలులు అనుకూలించడానికి రెండు మూడు నెలల ముందే మొదలవుతుంది. ఇది చాలాకాలం అంతుపట్టలేదు. 2017లో ఉపగ్రహ కొలతలతో తేలిందేమిటంటే, పొడి కాలం చివర్లో గాలిలో చేరే తేమలో ఎక్కువ భాగం చెట్ల ఆకుల నుంచి వచ్చినదే. ఆ తేమే మొదటి మేఘాలను కడుతుంది, వాటివల్ల పై గాలి వేడెక్కి లేస్తుంది, అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి లోపలికి లాగబడుతుంది. అంటే అక్కడ వానాకాలానికి తలుపు తీసేది అడవే. చెట్లు లేకపోతే సముద్రపు గాలి వచ్చేదాకా ఆగాల్సిందే. సోయా వేసే రైతుకు ఆ రెండు నెలలు అంటే ఒక పంట.

ఈ ఆవిరి అడవితో ఆగిపోదు. ఆండీస్ గోడకు తగిలి దక్షిణానికి మళ్ళి బొలీవియా, పరాగ్వే, దక్షిణ బ్రెజిల్, ఉత్తర అర్జెంటీనా వరకూ పోతుంది. పోర్చుగీసులో వీటిని ఎగిరే నదులంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నాలుగు చెట్లు కొడితే మరునాడే వాన ఆగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. చిన్న చిన్న చోట్ల ఖాళీ చేస్తే, ఖాళీ నేల వేడికీ పక్క అడవి చల్లదనానికీ మధ్య గాలి కదిలి మేఘాలు కాస్త పెరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఖాళీ పెద్దదయ్యేకొద్దీ ఫలితం తిరగబడుతుంది. ఉష్ణమండల ప్రాంతాలన్నిటి ఉపగ్రహ లెక్కలతో 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 200 కిలోమీటర్ల పరిధిలో అడవి ఒక్క శాతం పోతే నెలకు పావు మిల్లీమీటరు వాన తగ్గుతోంది. చిన్న అంకెలా కనిపిస్తుంది. ఆ లెక్కన 40 శాతం పోతే నెలకు 10 మిల్లీమీటర్లు. అసలే వాన తక్కువున్న నెలలో అది పెద్ద దెబ్బ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ప్రతిసారీ ఇది వస్తుంది. "అమెజాన్ ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ ఇస్తుంది" అన్నది తప్పు. ఆ అడవి తయారుచేసే ఆక్సిజన్‌ను దాదాపు అంతా అక్కడి చెట్లూ, రాలిన ఆకులను కుళ్ళబెట్టే జీవులూ వాడేసుకుంటాయి. అడవిని కాపాడుకోవడానికి నీరు, కార్బన్, జీవవైవిధ్యం అనే నిజమైన కారణాలు చాలినన్ని ఉన్నాయి. తప్పుడు లెక్క పట్టుకుంటే, అది తప్పని తేలిన రోజు మిగతా నిజాలను కూడా జనం నమ్మరు.

ఇక నేల. "అంత పచ్చగా ఉందంటే మట్టి ఎంత సారవంతమో" అన్నది మీ రెండో ప్రశ్న వెనక ఉన్న ఊహ అనుకుంటున్నాను. పాత వర్షారణ్యంలో మోకాళ్ళ మీద కూర్చుని రాలిన ఆకులను చేత్తో పక్కకు జరిపితే ఆ పొర నాలుగు వేళ్ళ మందం కూడా ఉండదు. దాని కిందే సన్నని వేళ్ళ అల్లిక, వేళ్ళను చుట్టుకుని తెల్లటి శిలీంధ్రాల దారాలు. సగం కుళ్ళిన ఆకును లాగితే వేళ్ళు దాన్ని పట్టుకునే ఉంటాయి, ఆకుతో పాటు పైకి లేస్తాయి. ఇంకొంచెం గీకితే పసుపు, ఎరుపు కలిసిన బంకమట్టి. లక్షల ఏళ్ళ వానకు కొట్టుకుపోయి పోషకాలు పెద్దగా మిగలని మట్టి అది. అడవి ఆస్తి మట్టిలో లేదు, చెట్లలోనూ ఆ పలుచని పై పొరలోనూ ఉంది. ఆకు రాలిన కొద్ది నెలలకే దానిలోని సారం మళ్ళీ వేళ్ళలోకి పోతుంది. అలా పోగా వరదకు కొట్టుకుపోయే భాస్వరాన్ని భర్తీ చేస్తున్నది ఏమిటో తెలుసా? సహారా ధూళి. చాద్ దేశంలోని బొదెలె అనే ఎండిన సరస్సు నుంచి లేచిన ధూళి అట్లాంటిక్ దాటి వస్తుంది. సహారా వైపు నుంచి అలా ఏడాదికి సుమారు 22,000 టన్నుల భాస్వరం అమెజాన్ మీద పడుతోందని ఉపగ్రహ కొలతల అంచనా.

అలాంటి అడవిని కొట్టి తగలబెడితే ఆ సారమంతా ఒక్కసారిగా బూడిదవుతుంది. మొదటి ఒకటి రెండు పంటలు బాగా వస్తాయి. ఆ తర్వాత వాన బూడిదను కడిగేస్తుంది. ఎన్నో చోట్ల పచ్చిక బయలు పదేళ్ళు తిరక్కుండానే కలుపు మొక్కల పాలవుతుంది, ఇంకో ముక్క అడవి మీదికి చూపు పోతుంది.

నరకని చెట్లకు ఏమవుతుందన్నది చాలామంది అడగని ప్రశ్న. బ్రెజిల్ అమెజాన్‌లోని మనౌస్ నగరానికి ఉత్తరాన 1979లో అమెరికా జీవశాస్త్రవేత్త థామస్ లవ్‌జాయ్ ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. పశువుల కోసం అడవి కొట్టేస్తున్న చోట 1, 10, 100 హెక్టార్ల ముక్కలను విడిగా వదిలిపెట్టించి ఏమవుతుందో గమనించడం. అది ఇప్పటికీ నడుస్తోంది. తేలింది ఏమిటంటే, ముక్కల్లో అంచునుంచి సుమారు 100 మీటర్ల లోపల పెద్ద చెట్లు ఎక్కువగా చచ్చిపోతాయి. గాలి దెబ్బ, ఎండ, తేమ తగ్గిపోవడం. వాటి చోట తీగలూ, త్వరగా పెరిగి త్వరగా పడిపోయే మెత్తటి చెట్లూ వస్తాయి.

ఇది నేను నా థర్మామీటర్లతో చూసినదే. మధ్యాహ్నం పచ్చిక బయలుకూ అడవి లోపలికీ ఏడెనిమిది డిగ్రీల తేడా ఉండేది. అంచు దగ్గర నడుస్తుంటే కాళ్ళ కింద ఎండాకులు చిటపటలాడతాయి. లోపలికి పోయేకొద్దీ ఆ చప్పుడు తగ్గి, చివరికి కాలు మోపినా వినిపించదు, ఆకులు అంత తడిగా ఉంటాయి. నిప్పు ఎక్కడదాకా పోగలదో ఆ చప్పుడే చెబుతుంది. చెక్కు చెదరని వర్షారణ్యం మామూలు ఏడాదుల్లో దానంతట అది అంటుకోదు. అంచుల నుంచి, బీడుల్లో పెట్టిన మంట నుంచి నిప్పు లోపలికి పాకుతుంది. మొదటిసారి మోకాలి ఎత్తు కూడా లేని మంటే, కానీ అక్కడి చెట్ల బెరడు పలుచన. ఏడాది రెండేళ్ళలో చాలా చెట్లు చచ్చి పై కొమ్మల కప్పు తెరుచుకుంటుంది, ఎండ నేలదాకా వస్తుంది, రెండో మంట మొదటిదానికంటే పెద్దదవుతుంది.

అడవి ఎందుకు పోతోందంటే ఒక్కో చోట ఒక్కో కథ. అమెజాన్‌లో ముందు రోడ్డు వస్తుంది. బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రంలో బీఆర్-364 రహదారికి 1980లలో తారు వేశాక రెండు వైపులా పక్క దారులు పుట్టి, పై నుంచి చూస్తే చేప ముల్లు ఆకారంలో అడవి పోయింది. 2014లో వచ్చిన ఒక లెక్క ప్రకారం అమెజాన్‌లో నరికిన అడవిలో 95 శాతం రోడ్లకు 5.5 కిలోమీటర్ల లోపు గానీ, నదులకు కిలోమీటరు లోపు గానీ ఉంది. ముందు విలువైన కలప పోతుంది, తర్వాత పొడి కాలంలో మిగిలినది కొట్టి ఎండబెట్టి తగలబెడతారు, గడ్డి విత్తనం చల్లుతారు. చాలా సందర్భాల్లో పశువులు మాంసం కోసమే కాదు, ఈ భూమి నాది అని చూపించడానికి కూడా. ఖాళీ చేసిన భూమికి ధర ఎక్కువ. కాబట్టి అమెజాన్‌లో నరికివేత చాలావరకు భూమి వ్యాపారం. నన్నడిగితే, కొత్త రోడ్డు ప్రతిపాదన వచ్చిన రోజే పోరాడాలి. రోడ్డు పడ్డాక చెట్టు చెట్టుకూ కాపలా పెట్టలేం.

ఇండోనేషియాలో ముఖ్య సమస్య పామాయిల్, కాగితపు గుజ్జు తోటలు, అన్నిటికీ మించి పీట్ నేలలు. పీట్ అంటే నీటిలో పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకున్న ఆకులూ కొమ్మలూ, కొన్ని చోట్ల పది మీటర్ల మందం. 1996లో మధ్య కాలిమంతన్‌లో దాదాపు 10 లక్షల హెక్టార్లలో వరి పండిస్తామని కాలువలు తవ్వి ఆ నేలల నీరు తీసేశారు. వరి పండలేదు. మరుసటి ఏడాది ఎల్ నినో కరువులో ఎండిన పీట్ అంటుకుంది. పీట్ మంట భూమి లోపల రాజుకుంటూ పోతుంది, గట్టి వాన పడేదాకా ఆరదు. 2015లోనూ దేశం మొత్తం మీద 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. కాంగోలో కథ వేరు. అక్కడ ఎక్కువగా చిన్న రైతుల పోడు, వంటకు కట్టె బొగ్గు. కాంగో నడిమధ్య చిత్తడి అడవుల కింద సుమారు 3,000 కోట్ల టన్నుల కార్బన్ ఉన్న పీట్ ఉందని 2017లోనే మ్యాప్‌కి ఎక్కింది. దాన్ని తడిగా ఉంచడం నా దృష్టిలో చాలా అత్యవసరం.

"అమెజాన్ ఒక హద్దు దాటితే తిరిగి రాదు" అన్న మాట మీరు వినే ఉంటారు. లవ్‌జాయ్, బ్రెజిల్ వాతావరణ శాస్త్రవేత్త కార్లోస్ నోబ్రె 2018లో ఆ హద్దు 20 నుంచి 25 శాతం నరికివేత దగ్గర ఉండవచ్చన్నారు. ఇప్పటికి సుమారు 17 శాతం పోయింది. ఒక్క అంకె దగ్గర మొత్తం అడవి ఒకేసారి మారిపోతుందని నేను అనుకోను, ప్రాంతాన్ని బట్టి జరుగుతుంది. ఆగ్నేయ అమెజాన్‌లో అది మొదలైనట్టే కనిపిస్తోంది. బ్రెజిల్ శాస్త్రవేత్త లూసియానా గాట్టి బృందం 2010 నుంచి 2018 వరకూ విమానాల్లో గాలి నమూనాలు తీసి చూస్తే, ఆ ప్రాంతం పీల్చుకునే దానికంటే ఎక్కువ కార్బన్ వదులుతోందని తేలింది.

మొక్కలు నాటడం గురించి. 2021లో ఉష్ణమండల అమెరికా, పశ్చిమ ఆఫ్రికాల్లో 77 చోట్ల తిరిగి పెరుగుతున్న అడవులను కలిపి వేసిన లెక్క నిజంగా ఆశ కలిగించేది. మట్టి సారం పదేళ్ళలోపే తిరిగి రాగలదు. అడవి రూపం రావడానికి 25 నుంచి 60 ఏళ్ళు. కానీ చెట్లలో నిలవుండే కార్బన్, పాత అడవిలోని జాతుల కూర్పు తిరిగి రావాలంటే 120 ఏళ్ళు పైనే. అదీ ఎప్పుడు? పక్కనే పాత అడవి మిగిలి ఉండాలి, విత్తనాలు మోసే గబ్బిలాలు, కోతులు, టూకన్ పక్షులు ఉండాలి, మళ్ళీ నిప్పు తగలకూడదు, ఆ నేలను ఏళ్ళ తరబడి ట్రాక్టర్లతో నలగ్గొట్టి ఉండకూడదు. ఇవన్నీ ఉంటే చాలా చోట్ల మొక్కలు నాటాల్సిన పనే లేదు. పశువులు రాకుండా కంచె వేసి, నిప్పు రాకుండా చూస్తే చాలు. ఇవేవీ లేని చోట యూకలిప్టస్ వరసలు నాటి "అడవి పెంచాం" అంటే నేను ఒప్పుకోను. సహజంగా పెరగనిచ్చిన అడవి, తోటలకంటే సగటున 40 రెట్లు ఎక్కువ కార్బన్ నిలవ చేస్తుందని 2019లో ఒక అంచనా వచ్చింది. తోటను కొన్నేళ్ళకోసారి కొట్టేస్తారు కదా.

కోస్టారికాలో 1980లలో అడవి దేశంలో పావు వంతుకు పడిపోయి, ఇప్పుడు సగం దాటింది. 1996 చట్టం అడవిని వేరే వాడకానికి మార్చడాన్ని నిషేధించింది, ఇంధనం మీద పన్నుతో అడవి ఉంచుకున్న భూయజమానులకు డబ్బు ఇచ్చారు. గొడ్డుమాంసం ధరలు పడిపోవడం కూడా కలిసొచ్చింది, అది దాచకూడదు.

నరికివేతను ఆపగలమా అంటే, ఆపిన అనుభవం ఉంది. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్లు పోతే 2012లో 4,571కి దిగింది. ఉపగ్రహ హెచ్చరికలు రాగానే అధికారులు వెళ్ళడం, అక్రమంగా నరికిన వాళ్ళకు బ్యాంకు రుణాలు ఆపడం, కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమని 2006లో వ్యాపారులు ఒప్పుకోవడం, ఆదివాసీల భూములకు హద్దులు గుర్తించడం, ఇవన్నీ కలిసి పనిచేశాయి. ఆదివాసీల భూముల హద్దులు ఉపగ్రహ చిత్రాల్లో గీత గీసినట్టు కనిపిస్తాయి, ఇటు బీడు, అటు అడవి. నిఘా సడలగానే 2021లో అంకె మళ్ళీ 13,038కి ఎక్కింది, మొదటి అంచనా ప్రకారం 2024కి 6,288కి తగ్గింది.

ఈ అంకెలు మీరే చూసుకోవాలనుకుంటే ఒక విషయం తెలిసి ఉండాలి. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ ఇచ్చే ఈ వార్షిక లెక్క ఆగస్టు నుంచి జూలై వరకూ, ప్రధానంగా మొత్తంగా నరికేసిన చోటుకే. నిప్పుకు సగం చచ్చి నిలబడి ఉన్న అడవి చాలావరకు అందులోకి రాదు. అందుకే 2024లో "బ్రెజిల్‌లో నరికివేత తగ్గింది" అన్న వార్త, "ప్రపంచంలో ఆ ఏడాది 67 లక్షల హెక్టార్ల ఉష్ణమండల పాత అడవి పోయింది, మంటలే మొదటి కారణం, బ్రెజిల్‌లోనే అన్నిటికన్నా ఎక్కువ" అన్న వార్త రెండూ వచ్చాయి. రెండూ నిజమే. మొదటిది గొడ్డలి లెక్క, రెండోదానిలో నిప్పు కూడా కలిసి ఉంది. వాన సంగతి తెలుసుకోవాలంటే రెండోది చూడండి. కొమ్మల కప్పు పోయిన అడవి, మ్యాప్‌లో అడవిగానే ఉన్నా, మునుపటంత ఆవిరి వదలదు.